ఇచటి అడుగు, అచటి లెక్క

గోదావరిఖని కాలనీలలో సెల్‌ఫోనులపై యుద్ధపుటాటలాడు కుర్రవాండ్ర నోట తరచుగా వినవచ్చు తగవు ఒకటి కలదు. “నేను గోడ సాటుకు పోయినంక గుండు తాకింది” అని ఒకడు మొరపెట్టును. “నా ఫోన్ల నువ్వింకా వాకిట్లనే ఉన్నవ్” అని కాల్చినవాడు బదులు చెప్పును. పెద్దలు దీనిని ఆటలోని అల్లరిగా త్రోసివేయుదురు. అట్లు త్రోసివేయుటకు మాకు మనసొప్పలేదు. ఏలయన ఇద్దరిలో ఎవరును అబద్ధమాడుట లేదు. ఎవరు చూచినది వారు చెప్పుచున్నారు. ఒకే ఆటలో, ఒకే క్షణమున, ఒకే మనిషి రెండు చోట్ల ఉన్నట్లు కనబడుట ఎట్లు సంభవించినది? ఇచట వేసిన అడుగును, అచట వ్రాసిన లెక్కను ఒక్కటి చేయుటకై కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు ఏబది యేండ్లకు పైగా పడుచున్న పాట్ల చరిత్రను ఈ ప్రసంగములో కొంత విన్నవించెదము.

ఇట్టి చిక్కు బొగ్గు సీమకు కొత్తది కాదు. సింగరేణి సంస్థ ఈ ప్రాంతమున తెరచిన భూగర్భ గనులలో పెక్కింటికి ఏటవాలుగా లోనికి దిగు బాటలు కలవు. ఇచటివారు వానిని ఇంక్లైనులందురు. బొగ్గు నింపిన టబ్బులను ఆ వాలున ఉక్కుతాటితో పైకి లాగుట హాలరు యంత్రము పని. బెల్టులును, కొత్త యంత్రములును వచ్చిన పిదప ఈ పద్ధతి చాలవరకు వెనుకబడినది గాని, దీర్ఘకాలము గనుల బ్రతుకు ఆ తాటిపైననే సాగినది. హాలరు నడుపువాడు పైన కూర్చుండును. టబ్బులు అతని కంటికి కానరావు. అతనికి గల ఆధారములు రెండే. దారి పొడవున సాగిన తీగవలన మ్రోగు గంట ఒకటి. డ్రమ్ముపైనుండి ఎంత తాడు విడిచితిని, ఎంత చుట్టితిని అను లెక్క రెండవది. గంట క్రిందినుండి వచ్చు వార్త. తాటి లెక్క పైవాని అంచనా. వార్త వచ్చు వరకు అంచనాతో పని నడుపవలెను; వార్త వచ్చినంతనే అంచనాను దిద్దుకొనవలెను. తాడు సాగును, గుర్తు జరుగును. ఆ కొద్దిపాటి తేడాను ఎప్పటికప్పుడు సరిచూచుకొననిచో ఉన్నదనుకొన్న చోట టబ్బు ఉండదు.

మనుష్యులను దింపు నిలువు బావులలో కట్టుబాటు మరింత కఠినము. మనుష్యులెక్కుదురని తెలుపుటకు మూడు గంటలు కొట్టిన చాలదు. యంత్రము కడనుండి మూడు గంటలు మారుమ్రోగిన పిదపగాని బోనులో కాలు పెట్టరాదు. వార్త పంపుట వేరు, అది చేరినదని ఎరుగుట వేరు అను సంగతి ఆ నియమములో ఇమిడియున్నది. మేము చెప్పబోవు కథలో ఈ సంగతి మరల మరల ఎదురగును.

ఇక గంట తీగకు మారుగా గాజుతంతువును, హాలరు గదికి మారుగా దూరపు నగరమున ఒక కంప్యూటరును ఊహింపుడు. ఆ కంప్యూటరును సర్వరందురు. ఆటలో ఎవరెచ్చట ఉన్నారో, ఎవరికి దెబ్బ తగిలినదో తేల్చు పెద్దరికము దానిది. ఆటగాని చేతిలోని ఫోను క్లయింటు. అది సర్వరునకు వార్తలు పంపును, సర్వరు చెప్పినదానిని బొమ్మకట్టి చూపును. రెంటి నడుమ ఉన్నది దూరము. వెలుతురు శూన్యములో సెకండునకు 3 లక్షల కిలోమీటర్లు పోవును గాని, గాజుతంతువులో దాని వేగము సుమారు 2 లక్షల కిలోమీటర్లే. గోదావరిఖనినుండి ముంబయి చక్కగా గీత గీచినచో సుమారు 700 కిలోమీటర్లు. సింగపూరు సుమారు 3,300. అనగా ముంబయికి వార్త పోయి రావలెనన్న, వెలుతురు ఎంత పరుగెత్తినను, 7 మిల్లీసెకండ్లు తప్పవు. సింగపూరునకైన 33. మిల్లీసెకండనగా సెకండులో వెయ్యవ వంతు. నిజమునకు తంతువులు గీత గీచినట్లు పోవు. కూడలి కూడలి కడ వార్త నిలిచి పోవలెను. టవరునకును ఫోనునకును నడుమ గాలిలో సాగు మజిలీ మరికొంత కాలము తినును. కావున అసలు జాగు ఈ లెక్కకు పెక్కు రెట్లుండుట సామాన్యము. సెకండునకు 5 మీటర్లు పరుగెత్తు బొమ్మ 100 మిల్లీసెకండ్లలో అరమీటరు జరుగును. వాకిటికిని గోడ చాటునకును గల తేడా అంతమాత్రమే గదా.

దూరదూరముగా ఉన్న యంత్రములపై పలువురు కలిసి ఆడిన ఆటలలో తొలినాటిది ‘మేజ్ వార్’. 1973లో అమెరికాలోని నాసా వారి ఏమ్స్ పరిశోధన కేంద్రమున స్టీవ్ కోలీ, హోవర్డ్ పామర్, గ్రెగ్ థాంప్సన్ అను ముగ్గురు యువకులు దానిని కూర్చిరి. మరుసటి సంవత్సరము థాంప్సన్ దానిని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునకు కొనిపోగా, అచట పెద్ద కంప్యూటరుపై నడచు సర్వరు ప్రోగ్రాము దానికి తోడైనది. ఎనమండుగురు వరకు ఒకే చిక్కుదారిలో ఒకరినొకరు వేటాడగలిగిరి. ఆ ఆటలో అడుగనగా ఒక గడినుండి మరియొక గడికి గెంతుట మాత్రమే. కావున జాగు అంతగా బాధింపలేదు. కదలిక గడులను విడిచి ధారగా సాగినప్పుడే అసలు తంటా మొదలైనది.

ఈ తంటాకు దొరకిన మొదటి మందు, అందరును ఒక్కుమ్మడి అడుగు వేయుట. ఒంటిదారి రైలు మార్గమున టోకెను చేతికందనిదే బండి కదల్చరాదను నియమము వంటిదిది. 1993 డిసెంబరు 10వ తేదీన ఇడ్ సాఫ్ట్‌వేర్ అను సంస్థ వెలువరించిన ‘డూమ్’ ఆట ఈ త్రోవ పట్టినది. అందులో కాలమును సెకండునకు 35 ముక్కలుగా కోసిరి. ఒక్కొక్క ముక్కకు ప్రతి కంప్యూటరును తన ఆటగాడు ఏ మీటలు నొక్కెనో ఆ మాత్రమే తక్కినవారికి పంపును. అందరి మీటలును అందిన పిదప అందరును ఒకే లెక్క వేసికొందురు. లెక్క ఒక్కటే గనుక ఫలితమును ఒక్కటే. సర్వరుతో పనిలేదు, పంపవలసిన వార్త బహు చిన్నది. కాని నలుగురిలో ఒకని వార్త ఆలస్యమైన ముగ్గురును కాచుకొనవలెను. ఒకే గదిలో తీగలు కలుపుకొని ఆడువారికి ఇది అమృతము. టెలిఫోను తీగపై ఆడువారికి నరకము.

ఈ త్రోవను పరాకాష్ఠకు తెచ్చినవారు 1997లో ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ ఆటను వెలువరించిన ఎన్సెంబుల్ స్టూడియోస్ వారు. ఎనమండుగురు ఆటగాండ్రు, వందలాది సైనికులు, వారి నడుమ సెకండునకు 28.8 కిలోబిట్లు మోయు మోడెము తీగ. ప్రతి సైనికుని స్థానమును పంపుట ఆ తీగకు అసాధ్యము. అందుచే వారును ఆజ్ఞలనే పంపిరి. కాని ఆజ్ఞను అప్పుడే జరుపక రెండు విడతలు వెనుకకు నెట్టిరి. వెయ్యవ విడతలో ఇచ్చిన ఆజ్ఞ వెయ్యి రెండవ విడతలో జరుగును. ఆ నడిమి కాలములో వార్త అందరికిని చేరును. నొక్కినంతనే సైనికుడు కదలనందుకు ఆటగాండ్రు అలుగుదురేమో అని చూడగా, పావు సెకండు ఆలస్యమును వారు గమనింపనే లేదట. ఒకసారి త్వరగాను, ఒకసారి తడవుగాను జరుగుటయే వారికి విసుగు పుట్టించినది. జాగు నిలుకడగా ఉన్నచో చేయి దానికి అలవాటు పడును. ఈ పరిశీలనను పాల్ బెట్‌నర్, మార్క్ టెరానో అను ప్రోగ్రామరులు 2001లో ప్రకటించిన వ్యాసమున తెలిపిరి.

ఆ వ్యాసములోనిదే మరియొక ముచ్చట. అందరును ఒకే లెక్క వేయుచున్నారు గనుక లెక్కలో రవంత తేడా వచ్చినను ఉపేక్షింపరాదు. ఆట మొదటిలో అడవిలోని ఒక జింక ఒక కంప్యూటరులో వెంట్రుకవాసి పక్కకు నిలిచినదట. అందుచే అది మేసిన దారి వేరైనది. కొన్ని నిమిషముల పిదప దానిని వేటాడవచ్చిన పల్లీయుని నడక వేరైనది. అతని బల్లెము గురి తప్పినది. ఒక కంప్యూటరులో ఆ యింటికి మాంసము వచ్చినది, మరియొకదానిలో రాలేదు. అంతటితో రెండు రాజ్యముల చరిత్రలు విడిపోయినవి. తప్పు పుట్టిన చోటు ఒకటి, బయటపడిన చోటు వేరొకటి. నడుమ నిమిషములు గడచిపోయినవి. యంత్రములు తమ లెక్కల మొత్తములను అప్పుడప్పుడు సరిపోల్చుకొని తేడాను పట్టుకొనుటే దీనికి మార్గము. ప్రోగ్రామింగు నేర్చు విద్యార్థులకు పెద్ద సిద్ధాంతములకు ముందే ఈ జింక కథ చెప్పవలెనని మా తలంపు.

రెండవ మార్గము ఆటలనుండి గాక సైన్యమునుండి వచ్చినది. 1983లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ‘సిమ్‌నెట్’ అను పథకమును ప్రారంభించినది. వైమానిక దళాధికారి జాక్ థార్ప్ దానికి మూలపురుషుడు. వేర్వేరు ఊళ్ల శిబిరములలో బొమ్మ ట్యాంకులలో కూర్చున్న సైనికులు ఒకే బొమ్మ రణరంగమున పోరాడవలెను. అచట ఒక్కుమ్మడి అడుగు కుదరదు. వందలాది వాహనములలో ఒక్కటి తడవైనను యుద్ధము నిలిచిపోవును గదా. అందుచే వారు ఓడ సరంగుల పాత లెక్కను ఎరువు తెచ్చుకొనిరి. తీరము కానరాని సముద్రమున సరంగు తానెటు, ఎంత వేగముతో, ఎంతసేపు వచ్చితినో లెక్కించి తానున్న చోటును ఊహించుకొనును. అట్లే ప్రతి యంత్రమును ఎదుటి ట్యాంకు కడపటి వార్తలోని దిక్కును, వేగమును పట్టుకొని దానిని ముందునకు నడుపుకొనును.

అందులోని నేర్పు మరియొకటి. ప్రతి ట్యాంకును తన నిజస్థానముతోపాటు, ఇతరులు తన్ను ఎచట ఊహించుకొనుచున్నారో ఆ నీడను గూడ తానే లెక్కించుకొనుచుండును. నిజమునకును నీడకును నడుమ తేడా ఒక హద్దు దాటినప్పుడే కొత్త వార్త పంపును. చక్కగా పోవు ట్యాంకు దాదాపు మౌనముగా ఉండును. మలుపు తిరిగినదే మాటలాడును. ఈ పద్ధతి పెరిగి 1993లో అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘమైన ఐ.ఇ.ఇ.ఇ. వారి ప్రమాణముగా స్థిరపడినది. అయితే ఇందులో ప్రతివాడును తన స్థానమును తానే చాటుకొనును, అడుగువారు లేరు. క్రమశిక్షణ గల సైన్యమునకు ఇది చెల్లును. ముక్కు మొగము ఎరుగని వేలమంది ఆడు బజారు ఆటలో “నేను కొండ శిఖరమున ఉన్నాను” అని ఒకడు బొంకినచో కాదనువారెవరు?

ఆ కాదను పెద్దరికమే సర్వరుది. 1996 జూనులో ఇడ్ సాఫ్ట్‌వేర్ వారి ‘క్వేక్’ సర్వరు చేతికి సర్వాధికారము నిచ్చినది. క్లయింటు కీలుబొమ్మ వంటిది. మీట నొక్కితినని పంపును, సర్వరు ఇచట నిలువుమన్నచోట నిలుచును. న్యాయము బాగుగనే ఉన్నది. కాని మోడెముతో ఆడువాడు మీట నొక్కి, ఆ వార్త పోయి, తీర్పు తిరిగి వచ్చు వరకు బొమ్మ కదలదు. పావు సెకండు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, కాలు బురదలో దిగబడినట్లుండును. సైనికునికి ఆజ్ఞయిచ్చి కాచుకొనుట వేరు, తన కాలే తన మాట వినకుండుట వేరు. ఆటను వ్రాసిన జాన్ కార్మాక్ ఇంట వేగవంతమైన తీగ ఉండుటచే మోడెముల వారి అవస్థ మొదట ఆయన కంటబడలేదు. ఆ సంగతిని ఆయనే అదే సంవత్సరము ఆగస్టులో బాహాటముగా వ్రాసికొని, చికిత్సను గూడ ప్రకటించెను. డిసెంబరులో ‘క్వేక్‌వరల్డ్’ అను పేర ఆ చికిత్స వెలువడినది. అదే యేడు జనవరిలో వచ్చిన ‘డ్యూక్ న్యూకెమ్ 3డి’ ఆటలోను ఇట్టి ముందడుగు కొంత కలదు గాని, సర్వరుతో కూడిన పద్ధతిగా లోకమునకు నేర్పినది క్వేక్‌వరల్డే.

ఆ చికిత్సను ఒక లెక్కతో చూతము. ఆటగాడు ముందునకు నడచు మీటను నొక్కిపట్టినాడు. క్లయింటు ప్రతి అడుగునకు ఒక సంఖ్య వేసి సర్వరునకు పంపుచు, తీర్పు రాకమునుపే తన తెరపై ఆ అడుగును వేసివేయును. 41వ అడుగు, 42, 43, 44, 45. ఒక్కొక్క అడుగునకు బొమ్మ ఒక మూర జరుగుననుకొనుడు. 45వ అడుగు వేయునప్పటికి తెరపై బొమ్మ 14వ మూర కడనున్నది. అప్పుడు సర్వరునుండి మాట వచ్చును: “41వ అడుగు వరకు చూచితిని, నీవు 10వ మూర కడనున్నావు.” కొత్తగా నేర్చినవారు ఇచటనే తప్పటడుగు వేయుదురు. సర్వరు మాట సత్యము గదా అని బొమ్మను 14నుండి 10కి లాగుదురు; మరల ముందునకు నడచును; మరల మాట వచ్చును; మరల లాగుదురు. బొమ్మ మెడకు రబ్బరు త్రాడు కట్టినట్లుండును. ఆ మాట అబద్ధము కాదు, పాతది. 41వ అడుగు నాటి సత్యమది.

చేయవలసినది వేరు. క్లయింటు తాను పంపిన అడుగులను పారవేయక దాచుకొనవలెను. సర్వరు మాట వచ్చినంతనే 41 వరకు గల అడుగులను చెరిపివేసి, బొమ్మను 10వ మూర కడ నిలిపి, సర్వరు ఇంకను చూడని 42, 43, 44, 45 అడుగులను తిరిగి వేసికొనవలెను. రెప్పపాటున మరల 14కు చేరును. ఆటగానికి ఏమియు తెలియదు. ఒకవేళ 41వ అడుగున వేరొక ఆటగాడు అడ్డుపడెననియు, తాను 9వ మూర కడనే నిలిచితిననియు సర్వరు చెప్పినచో, తిరిగి వేసిన లెక్క 13 వచ్చును. ఆ ఒక్క మూరను ఒక్కసారి గెంతించక, కొన్ని బొమ్మల నిడివిలో మెల్లగా కలుపుదురు. హాలరు నడుపువాడు గంట విని తాటి లెక్కను దిద్దుకొనినట్లే ఇదియును.

ఇది పొసగుటకు కొన్ని కట్టుబాట్లు కలవు. అడుగునకు ఎంత జరుగవలెను, గోడ తగిలిన ఎట్లు జారవలెను అను సూత్రము రెండు చోట్లను అక్షరము తేడా లేకుండ ఒక్కటే కావలెను. అందుకై క్వేక్‌వరల్డ్‌లో నడక లెక్కను ఒకేసారి వ్రాసి క్లయింటునకు, సర్వరునకు ఉమ్మడిగా ఇచ్చిరి. ప్రతి అడుగుతో అది ఎంత కాలపు అడుగో గూడ పంపవలెను. అయితే ఆ కాలమును సర్వరు గుడ్డిగా నమ్మరాదు. సెకండు కాలములో రెండు సెకండ్ల అడుగులు పంపినవాడు ఇతరులకంటె ఇబ్బడి వేగమున పరుగెత్తును గదా. క్లయింటు చెప్పవలసినది “ఈ మీట నొక్కితిని” అని మాత్రమే. “ఇచట ఉన్నాను” అని చెప్పుకొను హక్కు దానికి లేదు.

వార్తలు దారిలో పోవుటయు కలదు. 1980లో డేవిడ్ రీడ్ వ్రాసిన యూ.డి.పి. అను పద్ధతిలో వార్త కార్డు ముక్క వంటిది. చేరిన చేరును, లేనిచో లేదు. పోయినదానికై వెనుకటివన్నియు నిలిచియుండు రిజిస్టరు టపా వంటి పద్ధతి వేరొకటి ఉన్నది గాని, ఆటలో పాత వార్త కొరకు కొత్త వార్తను ఆపుట తగదు. అందుచే క్వేక్‌వరల్డ్ కార్డు పద్ధతినే గైకొని, ప్రతి కార్డుపై కొత్త అడుగుతోపాటు వెనుకటి రెండు అడుగులను గూడ మరల వ్రాసి పంపెను. ఒకటి రెండు కార్డులు పోయినను అడుగు పోదు. ఈ చిన్న ఉపాయము మాకెంతో నచ్చినది.

ఇదంతయు ఎవని బొమ్మ వానికి సంబంధించినది. ఎదుటివాని సంగతి? అతడు ఏ మీట నొక్కబోవునో మన ఫోను ఎరుగదు. సరంగు లెక్క పడవకును ట్యాంకునకును సరిపోయినది గాని, రెప్పపాటున వెనుకకు తిరుగు మనిషికి సరిపోలేదు. ఊహ తప్పినప్పుడెల్ల ఎదుటివాడు గోడలో దూరి బయటికి వచ్చినట్లు కనబడెను. అందుచే వాల్వ్ సంస్థవారు తమ ఆటలలో ఎదుటివారిని బుద్ధిపూర్వకముగా కొంత ఆలస్యము చేసి చూపిరి. 2004 నాటి వారి ‘సోర్స్’ యంత్రాంగములో మామూలుగా సెకండునకు 20 వార్తలు, 100 మిల్లీసెకండ్ల ఆలస్యము. రెండు వార్తలు చేతిలో ఉండును గనుక వాని నడిమి స్థానములను పూరించుచు నడకను నునుపుగా చూపవచ్చును. దీనివలన తెరపై ప్రతివాడును తన్ను తాను భవిష్యత్తులో, ఇతరులను గతములో చూచుచుండును. రెండు కాలములు ఒకే తెరపై కలిసియున్నవి.

ఇక గురి చూచి కాల్చుట ఎట్లు? గతములోని మనిషిపై గురి పెట్టినచో సర్వరు కడ అతడు అక్కడ లేడు. కొంతకాలము ఆటగాండ్రు ఎదుటివానికి కొంచెము ముందుగా గాలిలో కాల్చుట నేర్చుకొనిరి. వాల్వ్‌లోని యాన్ బెర్నియర్ 2001లో ప్రకటించిన వ్యాసమున వేరొక పరిష్కారమును వివరించెను; 1998 నాటి ‘హాఫ్‌లైఫ్’ ఆటలోను, దానిపై పుట్టిన ‘కౌంటర్‌స్ట్రైక్’లోను అది అమలు జరిగినది. సర్వరు అందరి గతస్థానములను కొంతసేపు దాచియుంచును. కాల్పు వార్త రాగానే, కాల్చినవాడు ఆ క్షణమున ఏ కాలపు బొమ్మను చూచుచుండెనో లెక్కించి, అందరిని ఆ కాలమునకు వెనుకకు జరిపి, గుండు తగిలినదా లేదా అని తేల్చి, మరల ముందునకు తెచ్చును.

మొదట చెప్పిన తగవు ఇచటనే పుట్టుచున్నది. ఇద్దరికిని సర్వరునకు పోవు దారి 40 మిల్లీసెకండ్లనుకొందము. పరుగెత్తువాని స్థానము సర్వరునుండి కాల్చువానికి చేరుటకు 40. నునుపుకై తెరపై ఆపినది 100. కాల్పు వార్త సర్వరునకు పోవుటకు 40. దెబ్బ తగిలినదను తీర్పు పరుగెత్తువానికి చేరుటకు 40. అతని తెర అతనిని సర్వరు లెక్కకంటె ముందుగా చూపుచుండుట మరియొక 40. మొత్తము 260 మిల్లీసెకండ్లు. సెకండునకు 5 మీటర్ల పరుగులో అది 1.3 మీటర్లు. కాల్చినవాడు చూచిన చోటికిని, కూలినవాడు తన్ను చూచుకొన్న చోటికిని అంత ఎడమున్నది. గోడ చాటునకు చేరుట నిజమే. వాకిట నిలిచియుండుటయు నిజమే. ఈ వైపరీత్యమును బెర్నియర్ తన వ్యాసములో దాచలేదు. కాల్చువాని కన్ను నమ్ముటే తక్కువ కీడని ఆయన తీర్పు. సూటిగా గురి పెట్టినవానికి తగులలేదనుట ప్రతి కాల్పునను బాధించును, గోడ చాటున కూలుట అప్పుడప్పుడు మాత్రమే బాధించునని ఆ వాదము. వాదము గట్టిదే. అయినను దానిలోని ఒక వంకరను మేము కాదనలేము. కాల్చువాని తీగ ఎంత దీర్ఘమైన దాగుకొన్నవానికి అంత నష్టము. జాగు ఒకనిది, దాని వెల చెల్లించువాడు వేరొకడు.

మల్లయుద్ధపు ఆటలవారు మాత్రము ఎదుటివానిని గతములో చూపుటకు ఒప్పుకొనలేదు. అతని మీటను ఊహించి ముందునకు సాగి, ఊహ తప్పినచో ఆట మొత్తమును వెనుకకు త్రిప్పి మరల నడిపింతురు. టోనీ కేనన్ 2006లో రూపొందించిన జి.జి.పి.ఓ. ఇందుకు ప్రసిద్ధము. వెనుకకు త్రిప్పు ఊహ దానికి ముందే, 1985లో, డేవిడ్ జెఫర్సన్ అను శాస్త్రజ్ఞుడు కంప్యూటరు ప్రయోగముల కొరకు ప్రకటించియుండెను.

మన దేశమున ఇంటర్నెట్టు ప్రజలకు అందినది 1995 ఆగస్టు 15వ తేదీన, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. ఆ నాటి టెలిఫోను తీగలపై ఇట్టి ఆటలు ఆడుట వట్టి మాట. తరువాతి దశకమున పట్టణముల నెట్ కేఫులలో కుర్రవాండ్రు ‘కౌంటర్‌స్ట్రైక్’ ఆడిరన్న, అది ఒకే గదిలోని కంప్యూటరుల నడుమనే. సర్వరు పక్క బల్లపైననే ఉండెను, జాగు దాదాపు సున్న. 2016 సెప్టెంబరు తరువాత చౌకయైన 4జి వచ్చి, 2018లో పబ్జీ సెల్‌ఫోనులోనికి దిగిన పిదప బొగ్గు సీమ కుర్రవాడు ఇల్లు కదలకయే దూరదేశపు సర్వరు ముంగిట నిలిచెను. 2020 సెప్టెంబరు 2వ తేదీన ప్రభుత్వము ఆ ఆటను నిషేధించినది. 2021 జులైలో అది భారతదేశపు పేరుతో వేరు ఆటగా తిరిగి వచ్చినది. 2022 జులైలో అదియును ఆగి, 2023 మేలో మరల తెరవబడినది. ఈ రాకపోకల చర్చలో పిల్లల చదువులు, ఖర్చులు, దేశభద్రత అన్నియు వచ్చినవి. సర్వరు ఎచట ఉన్నదను ప్రశ్న మాత్రము ఆడువారి నోటనే మిగిలిపోయినది. ముంబయికిని సింగపూరునకును గల 26 మిల్లీసెకండ్ల తేడాను ఏ ప్రోగ్రామరును చెరపలేడు. ముందడుగు వేయించి కప్పిపుచ్చగలడు, అంతే.

వెనుకకు జరుపుటకును హద్దు పెట్టక తప్పలేదు. ‘సోర్స్’లో ఆ హద్దు మామూలుగా ఒక సెకండు, అంతకంటె పాత కాలమునకు సర్వరు పోదు. హద్దును తగ్గించినచో దూరపువాని కాల్పు చెల్లదు. పెంచినచో దగ్గరివాడు గోడ వెనుక కూలును. పెక్కు సెల్‌ఫోను ఆటలలో తెర మూలన ఒక చిన్న సంఖ్య పచ్చగానో, ఎఱ్ఱగానో మెరయుచుండును. వార్త పోయి వచ్చుటకు పట్టిన మిల్లీసెకండ్లవి. కుర్రవాండ్రు దానిని పింగందురు. గోడ చాటున కూలినవాడు మొదట ఆ సంఖ్యనే చూచి, అది పచ్చగా ఉన్నదే అని ఆశ్చర్యపడును. ఆ సంఖ్య అతనిది. అతనిని కాల్చినవాని సంఖ్య ఎంతయో ఆ మూలన కానరాదు.